స్వర్గం, నరకం: ఉన్న చోట్లా, మనసు స్థితులా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నను ఎవరూ తీరిక దొరికింది కదా అని అడగరు. అయినవాళ్లను పోగొట్టుకున్న మర్నాడు అడుగుతారు. చేసిన తప్పు నిద్ర పట్టనివ్వని రాత్రి అడుగుతారు. లేదా, దేవుడున్నాడా లేడా అన్న వాదన మాటామాటా పెరిగాక అడుగుతారు. అందుకే జవాబులు కూడా ఓదార్పుగానో, బెదిరింపుగానో, ఎగతాళిగానో వస్తుంటాయి. ఆ మూడింటినీ కాసేపు పక్కన పెట్టి, పాత గ్రంథాలు నిజంగా ఏమన్నాయో, వాటిని నమ్మినవాళ్లు ఎలా అర్థం చేసుకున్నారో చూద్దాం.

ఒక్క మాటలో చెప్పండి: అవి నిజంగా ఉన్న చోట్లా, కాదా?

మనకంటే ముందే ఒక రాజు ఈ మాట అడిగాడు. ఏడు రోజుల్లో చావు తప్పదని తెలిసి కూర్చున్న పరీక్షిత్తు, భాగవతం ఐదో స్కంధం చివర్లో, శుకుణ్ణి నిలదీశాడు: నరకాలంటున్నారే, అవి ఏవైనా ప్రత్యేక ప్రదేశాలా, ముల్లోకాలకు వెలుపల ఉన్నాయా, లోపల ఎక్కడో ఉన్నాయా? శుకుడు తడుముకోలేదు. ముల్లోకాల లోపలే, దక్షిణ దిక్కున, భూమికి దిగువన, జలాలకు ఎగువన అని చిరునామా చెప్పినట్టు చెప్పాడు. ఆపైన పేరుపేరునా 28 నరకాలను వర్ణించాడు.

విష్ణుపురాణం రెండో అంశంలోని ఆరో అధ్యాయమూ నరకాల జాబితాతోనే నడుస్తుంది. కానీ అధ్యాయం ముగింపుకు వచ్చేసరికి పరాశరుడు మైత్రేయుడితో వేరే మాట అంటాడు. మనసుకు ప్రీతి కలిగించేది స్వర్గం, దానికి విరుద్ధమైనది నరకం, పుణ్యపాపాలకే ఆ పేర్లు అని. అక్కడితో ఆగకుండా, తనంతట తానుగా సుఖమైన వస్తువు గాని దుఃఖమైన వస్తువు గాని లేదని, సుఖదుఃఖాలు మనసు పొందే పరిణామాలేనని కూడా అంటాడు.

కాబట్టి ఒక్క మాటలో కుదరదు. చోట్లని చెప్పినవాళ్లు నిజంగా చోట్లనే ఉద్దేశించారు, వాళ్ల నోట మన ప్రతీకలు పెట్టకూడదు. స్థితులని చెప్పినవాళ్లూ నిన్నమొన్నటి సంస్కర్తలు కారు, వాళ్లూ అంత పాతవాళ్లే. ఆ చోట్లను మాత్రం ఇంతవరకు ఎవరూ కొలిచి చూపలేదు.

ఒకే పుస్తకం రెండు మాటలు ఎలా చెబుతుంది? ఏదో ఒకటి తప్పు కావాలి కదా?

మన ప్రశ్నలోనే చిక్కు ఉంది. చోటు అంటే పటంలో గుర్తు పెట్టగలిగేది, స్థితి అంటే తలలో ఉండేది అని మనం ముందే రెండు డబ్బాలు చేసి పెట్టుకున్నాం. పాతవాళ్లు వాడిన మాట ‘లోకం’. ఆ మాట ఈ రెండు డబ్బాల్లో దేనిలోనూ పూర్తిగా ఇమడదు. వేదభాషలో దానికి ఖాళీ జాగా, మసలడానికి వీలున్న చోటు అనే అర్థం ఉంది. వ్యాకర్తలు చెప్పే వ్యుత్పత్తి ప్రకారం చూడబడేది లోకం. అవలోకనం, విలోకనం అన్న మాటలు ఆ ధాతువు నుంచే వచ్చాయి.

అంత దూరం పోనక్కర లేదు, మన రోజువారీ తెలుగే చాలు. ‘వాడి లోకం వాడిది’ అంటాం. ‘ఆమె ఈ లోకంలో లేదు’ అంటే రెండర్థాలు: ఆమె చనిపోయింది, లేదా ఏదో ఆలోచనలో మునిగి ఉంది. ఒకే గదిలో ఇద్దరు కూర్చుని రెండు లోకాల్లో ఉండవచ్చునని మనకు ఎవరూ నేర్పలేదు, భాషతోపాటే వచ్చింది. స్వర్గలోకం, నరకలోకం అన్న మాటలు చదివేటప్పుడు మాత్రం ఆ తెలివి మరిచిపోయి భూగోళ పటం తెరుస్తాం.

వేదాల్లో నరకమే లేదంటారు, నిజమేనా?

చాలావరకు నిజం, పూర్తిగా కాదు. ఋగ్వేదానికి ఆసక్తి వెలుగు మీదే. తొమ్మిదో మండలంలోని ఒక సూక్తం, తరగని జ్యోతి ఉన్న చోట, వైవస్వతుడు, అంటే యముడు, రాజుగా ఉన్న చోట నన్ను అమృతుణ్ణి చేయమని సోముణ్ణి వేడుకుంటుంది. ఆ యముడు పాశం పట్టుకుని దున్నపోతు మీద వచ్చే మనకు తెలిసిన యముడు కాడు. అందరికంటే ముందు దారి కనిపెట్టి వెళ్లి, వెనక వచ్చేవాళ్ల కోసం చోటు సిద్ధం చేసినవాడు. దుర్మార్గుల విషయానికి వస్తే, వాళ్లను అడుగులేని చీకటి గుంటలోకి తోసేయమని ఏడో మండలంలో ఇంద్రసోములకు ఒక మొర ఉంది. ‘నరకలోకం’ అన్న మాట అథర్వవేదంలో కనిపిస్తుంది. అంతే. నూనె బాణళ్లు, రంపాలు, చిత్రగుప్తుడి చిట్టా అన్నీ తరవాత చేరినవి.

మధ్యలో ఒక కథ ఉంది, అది నాకు పురాణాల నరకాలన్నిటికంటే భయంకరంగా తోస్తుంది. యజ్ఞవిధులు చెప్పే శతపథ బ్రాహ్మణంలో వరుణుడి కొడుకు భృగువు పరలోకం చూసి వస్తాడు. అక్కడ మనుషులు మనుషులను ముక్కలు చేస్తుంటారు. ఇదేమిటని అడిగితే, అక్కడ వీళ్లు మాకు చేసినదే ఇక్కడ మేం వీళ్లకు చేస్తున్నాం అంటారు. ముక్కలు చేస్తున్నవాళ్లు చెట్లు, పశువులు, మొక్కలు అని వరుణుడు తరవాత విప్పి చెబుతాడు. శిక్షించేందుకు వేరే భటులు లేరు. ఇక్కడ మన చేతిలో పడ్డవాళ్లే అక్కడ ఎదురొస్తారు.

స్వర్గం అంటే సుఖమే, ఊరు కాదు అని మీమాంసకులు అన్నారా?

అన్నారు. మీమాంసకులంటే వేదంలోని విధివాక్యాలకు అర్థం తేల్చే శాస్త్రం వాళ్లు. ఈ సంగతి చాలామందికి ఆశ్చర్యం, ఎందుకంటే యజ్ఞయాగాల పట్ల మీమాంసకుల కంటే పట్టింపు ఉన్నవాళ్లు ఎవరూ లేరు. ‘స్వర్గకామో యజేత’, అంటే స్వర్గం కోరేవాడు యజ్ఞం చేయాలి అన్న విధివాక్యం వాళ్లకు ప్రాణం. మరి ఆ స్వర్గం ఏమిటి? జైమిని సూత్రాలకు భాష్యం రాసిన శబరుడు జనం మాట తీరు నుంచే మొదలుపెట్టాడు. సన్నని పట్టుబట్టలను స్వర్గమంటారు, చందనాన్ని స్వర్గమంటారు. వస్తువులు మారుతున్నా మాట మారడం లేదు కాబట్టి ఆ మాట వస్తువుకు చెందదు, దాని వల్ల కలిగే ప్రీతికి చెందుతుంది అని తేల్చాడు. దుఃఖం కలవనిది, తరవాత కూడా దుఃఖం మింగేయనిది, కోరగానే అందేది అయిన సుఖమే స్వర్గమని ప్రసిద్ధమైన శ్లోకం ఒకటి శాస్త్రగ్రంథాల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. అందులో మేడలు లేవు, అప్సరసలు లేరు.

స్వర్గానికి ‘నాకం’ అన్న పర్యాయపదం ఉంది, దానికి వేదపదాల పుట్టుక చెప్పే నిరుక్తం చెప్పే అర్థం కూడా ఇదే దారి: ‘క’ అంటే సుఖం, ‘అక’ అంటే దుఃఖం, అది లేనిది నాకం.

నరకాల లెక్క ఒక్కో గ్రంథంలో ఒక్కోలా ఉంటుంది. ఏది సరైనది?

మనుస్మృతి 21 అంటుంది. భాగవతం కొందరు 21 అంటారని ఒప్పుకుని, మరో ఏడు కలిపి 28 చేస్తుంది. జైనులు ఏడు నరకభూములు అంటారు. బౌద్ధంలో ఎనిమిది ఉష్ణ నరకాల లెక్క ప్రసిద్ధం. నిజంగా ఎవరైనా వెళ్లి చూసి రాసిన పటాలైతే ఇంత తేడా రాదు అని వాదించేవాళ్లకు ఇది మంచి ఆధారమే.

నా సలహా ఇది: ఈ జాబితాలు చదివేటప్పుడు శిక్ష వైపు కాదు, నేరం వైపు చూడండి. బతికున్న జంతువులను, పక్షులను వండినవాడికి కుంభీపాకం. ఇంకొకరి సొమ్మును, బిడ్డలను అపహరించినవాడికి తామిస్రం. తన కుటుంబం పెంచుకోవడం కోసం ఇతర ప్రాణులకు ద్రోహం చేసినవాడికి రౌరవం, అక్కడ అతని చేతిలో హింస పడ్డ ప్రాణులే రురువులనే క్రూర జీవులై అతణ్ణి హింసిస్తాయి. భృగువు చూసిన దృశ్యమే ఇక్కడ పేరు మార్చుకుని వచ్చింది. ఆ కాలపు మనుషులకు ఏ పనులు సహించరానివిగా తోచాయో ఈ జాబితాలు చెబుతాయి. కులం, వర్ణం పేరిట ఆ కాలం పెట్టుకున్న అన్యాయపు కట్టుబాట్లు కూడా వాటిలో నేరాలుగా దూరాయి, అది కూడా చూడాలి.

మరి ధర్మరాజు కళ్లారా నరకం చూశాడు కదా?

చూశాడు, ఆ ఘట్టం మహాభారతంలో చిట్టచివరి పర్వం, స్వర్గారోహణ పర్వం. ధర్మరాజు స్వర్గంలో అడుగుపెట్టగానే కనిపించింది దుర్యోధనుడు, సింహాసనం మీద, సూర్యుడిలా వెలుగుతూ. తమ్ముళ్లు, ద్రౌపది, కర్ణుడు కనిపించలేదు. వాళ్లున్న చోటికి తీసుకుపొమ్మంటే దేవదూత చీకటి దారిలో, కుళ్లిన శవాల మధ్య నడిపించాడు. దుర్గంధం భరించలేక వెనుదిరిగిన ధర్మరాజుకు చీకట్లోంచి గొంతులు వినిపించాయి: కాసేపు ఆగు, నీ మీదుగా వచ్చే గాలి సోకితే మాకు హాయిగా ఉంది. ఎవరు మీరు అంటే, కర్ణుణ్ణి, భీముణ్ణి, అర్జునుణ్ణి అని ఒక్కొక్కరే పేర్లు చెప్పారు. అప్పుడు ధర్మరాజు దేవతలను, ధర్మాన్ని కూడా నిందించాడు. దూతను వెళ్లిపొమ్మన్నాడు. నేను ఇక్కడే ఉంటాను, నేనుంటే వీళ్లకు హాయిగా ఉంది అన్నాడు.

ఆ మరుక్షణం దేవతలు దిగివచ్చారు, చీకటి లేదు, వాసన లేదు. ద్రోణుణ్ణి కొడుకు చావు విషయంలో మోసగించినందుకు నీకు ఈ కాసేపటి దర్శనం, రాజన్నవాడు నరకం చూడక తప్పదు అన్నాడు ఇంద్రుడు. ఇదంతా మాయ అని కూడా అన్నాడు.

చోటు అనేవాళ్లూ, స్థితి అనేవాళ్లూ ఈ కథను తమవైపు లాక్కోగలరు. కానీ కథ నడిచిన తీరు చూడండి. తమవాళ్లు లేని స్వర్గంలో ధర్మరాజు ఒక్క క్షణం కూర్చోలేకపోయాడు. తమవాళ్లున్న నరకంలో ఉండిపోతానన్నాడు. అతను ఉండిపోతాననగానే అది నరకంగా మిగల్లేదు. అలాంటప్పుడు దాని చిరునామా ఎక్కడని అడగాలి?

స్వర్గానికి వెళితే ఇక శాశ్వతంగా అక్కడే ఉంటారా?

ఏ సంప్రదాయాన్ని అడుగుతున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. ‘ఎక్కడ’ అన్నదానికంటే ‘ఎంతకాలం’ అన్న చోటే మతాలు గట్టిగా విడిపోతాయి.

వైదిక సంప్రదాయంలో స్వర్గం గడువున్న వ్యవహారం. పుణ్యం ఖర్చు కాగానే మర్త్యలోకానికి తిరిగి వస్తారని గీత తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. యజ్ఞాలు బలం లేని తెప్పలని, స్వర్గం అనుభవించాక ఈ లోకానికో ఇంతకంటే హీనమైన దానికో దిగక తప్పదని ముండకోపనిషత్తు హెచ్చరిస్తుంది. యయాతి రాజు స్వర్గం నుంచి పడిపోయాడు, కారణం తనతో సమానమైనవాడు లేడని అనుకోవడం. నరకానికీ గడువు ఉంది. అందువల్ల ఈ ఆలోచనలో స్వర్గం గమ్యం కాదు. మోక్షం వేరు, దానికి రాకపోకలు లేవు.

క్రైస్తవంలో, ఇస్లాంలో ప్రధాన స్రవంతి రెంటినీ శాశ్వతమంటుంది. యూదుల ధర్మశాస్త్ర సంకలనమైన మిష్నాలో మాత్రం గెహెన్నాలో, అంటే నరకంలో, దుష్టుల శిక్ష 12 నెలలు అన్న మాట నమోదై ఉంది. జొరాస్ట్రియన్లు, అంటే పార్సీల మతంవాళ్లు, చివరికి నరకం కూడా ఖాళీ అవుతుందని, సృష్టి అంతా బాగుపడుతుందని నమ్ముతారు.

బుద్ధుడు నరకాన్ని నమ్మాడా?

పాలీ భాషలో ఉన్న బుద్ధుడి బోధల్లో, అంటే సుత్తాల్లో, నరక వర్ణనలు బోలెడు. దేవదూత సుత్తంలో యముడు పాపిని ప్రశ్నలడుగుతాడు: ముసలివాణ్ణి చూశావా, రోగిని చూశావా, శవాన్ని చూశావా, చూసి నీకేమీ అనిపించలేదా? థేరవాదం అనే బౌద్ధ శాఖ 31 భూముల లెక్క చెబుతుంది, వాటిలో నరకాలు, దేవలోకాలు అన్నీ ఉన్నాయి. అయితే ఆ సుత్తాల సంపుటాల్లో ఒకటైన సంయుత్త నికాయంలో ఒక చిన్న సుత్తం ఉంది. సముద్రంలో అడుగులేని పాతాళం ఉందని తెలియనివాళ్లు అంటారు, అది లేనిదాని గురించి మాట్లాడటం, పాతాళం అన్నది శరీరం పడే తీవ్రమైన బాధకు పేరు అని బుద్ధుడు అంటాడు. రెండూ ఒకే సంపుటాల్లో పక్కపక్కనే ఉన్నాయి. శిష్యులు ఏ ఒక్కదాన్నీ చించేయలేదు.

జైనం ఈ విషయంలో వేరు. అక్కడ లోకం కచ్చితంగా ఆకారమున్న కట్టడం: కింద రత్నప్రభ మొదలు మహాతమఃప్రభ వరకు ఏడు నరకభూములు, పైన దేవలోకాలు, అన్నిటికీ పైన ముక్తులు చేరే సిద్ధశిల. చోటు అన్న జవాబును ఇంత నిబ్బరంగా, ఇంత లెక్కలతో చెప్పినవాళ్లు మరొకరు లేరు. అక్కడ కూడా నరకవాసం ఎంత సుదీర్ఘమైనా ఎప్పటికో ఒకప్పటికి తీరుతుంది.

నరకం జెరూసలెం దగ్గర ఉన్న ఒక లోయ అని విన్నాను. నిజమా?

మాట పుట్టిన చోటు అదే. పాత జెరూసలెం నగరానికి నైరుతి, దక్షిణ దిక్కుల్లో హిన్నోము లోయ ఉంది. హీబ్రూలో ‘గే హిన్నోం’, అది గ్రీకులో గెహెన్నా అయింది, అరబ్బీలో జహన్నం అయింది. ఆ లోయలోని తోఫెతు అనే చోట పిల్లలను అగ్నికి బలి ఇచ్చేవారని బైబిలు పాత నిబంధన చెబుతుంది. యోషీయా రాజు ఆ చోటును అపవిత్రం చేసి ఆ ఆచారం ఆపించాడు. ఇది వధ లోయ అని పిలవబడుతుందని యిర్మీయా ప్రవక్త శపించాడు. కన్నబిడ్డలను కాల్చిన నేల పేరు తరవాతి తరాలకు దైవశిక్షకు పేరయింది.

అక్కడ యేసు కాలంలో ఊరి చెత్త నిరంతరం తగలబడేదని, అందుకే ఆ పోలిక వచ్చిందని చాలా ఉపన్యాసాల్లో వింటాం. ఆ మాటకు పాత ఆధారం లేదు. అది మధ్యయుగాల యూదు పండితుడు డేవిడ్ కింహీ రాతల్లో కనిపిస్తుంది, తవ్వకాల్లో అలాంటి ఆనవాళ్లు దొరకలేదు. దొరికింది మరొకటి. 1979లో ఆ లోయ పైనున్న కెతెఫ్ హిన్నోం సమాధుల్లో రెండు చిన్న వెండి చుట్టలు బయటపడ్డాయి. వాటి మీద చెక్కి ఉన్నది సంఖ్యాకాండంలోని ఆశీర్వచనం: యెహోవా నిన్ను ఆశీర్వదించి కాపాడుగాక. ఇంతవరకు దొరికిన బైబిలు వాక్యాల్లో అవే అతి పాతవి.

ఇంకో సంగతి. పాత నిబంధనలో తరచుగా వచ్చే ‘షియోల్’, తెలుగులో పాతాళమని అనువదించినది, ఈ గెహెన్నా కాదు. మంచివాళ్లు, చెడ్డవాళ్లు అన్న భేదం లేకుండా చచ్చినవాళ్లందరూ చేరే నీడల చోటు అది. అనువాదాల్లో ఈ రెండూ కలగలిసిపోయి ఎంతో గందరగోళం పుట్టింది.

నరకం చోటు కాదని పోపు అన్నారట?

1999 జులైలో రెండో జాన్ పాల్ వరుస వారాల్లో ఈ విషయాల మీద మాట్లాడారు. పరలోకం మబ్బుల్లో ఉన్న భౌతిక స్థలం కాదు, ఉత్త ఊహ కూడా కాదు, దేవునితో సజీవమైన సంబంధం అన్నారు. నరకం చోటు కంటే కూడా, తమంతట తాము దేవుణ్ణి విడిచి దూరమైనవాళ్ల స్థితిని సూచిస్తుందన్నారు. పత్రికలు దాన్ని ‘నరకం లేదన్న పోపు’ అన్నట్టు రాశాయి. ఆయన అన్నది అది కాదు. నరకం ఉందనే అన్నారు, అది ఎలాంటిదో చెప్పారు. 1992 నాటి కథోలిక సత్యోపదేశ గ్రంథం కూడా నరకాన్ని మనిషి తనను తానే శాశ్వతంగా వెలివేసుకునే స్థితి అనే నిర్వచించింది.

ఈ వాదం కొత్తదీ కాదు. మూడో శతాబ్దపు క్రైస్తవ పండితుడు ఒరిజెన్, ప్రతి పాపీ తన నిప్పును తానే రాజేసుకుంటాడు, దానికి వంటచెరకు అతని పాపాలే అన్నాడు. ఆ తరవాతి అగస్టీను దీనికి ఎదురు నిలిచాడు. నిప్పు నిప్పే, శరీరం కాలుతూ కూడా నశించకుండా ఉండగలదు అంటూ, నిప్పులో బతుకుతుందని ఆనాటివాళ్లు నమ్మిన సాలమాండర్ అనే బల్లివంటి ప్రాణిని ఉదాహరణగా చూపాడు. పడమటి క్రైస్తవ సంఘం చాలా శతాబ్దాలు అగస్టీను మాట మీదే నడిచింది.

ఇస్లాంలో జన్నత్, జహన్నం అక్షరాలా ఉన్నవేనా?

సాంప్రదాయిక విశ్వాసం ప్రకారం ఉన్నవే. జహన్నానికి ఏడు ద్వారాలని, జన్నత్ వైశాల్యం భూమ్యాకాశాలంతని ఖురాన్ చెబుతుంది. శరీరంతోపాటు పునరుత్థానం లేదన్న తత్వవేత్తలను 1111లో మరణించిన ఇమాం గజాలీ తీవ్రంగా ఖండించాడు. అయినా, విశ్వాసుల కోసం దాచి ఉంచిన కనుల చలువ ఏమిటో ఏ ప్రాణికీ తెలియదని అదే ఖురాన్ అంటుంది. ఏ కన్నూ చూడనిది, ఏ చెవీ విననిది అని ప్రవక్త మాటగా చెప్పే హదీసు అంటుంది. అంటే నదులు, తోటలు నిజమే, అవి మనకు తెలిసిన నదులు, తోటలు మాత్రం కాకపోవచ్చు. 20వ శతాబ్దంలో కవి, తత్వవేత్త మహమ్మద్ ఇక్బాల్ మరో అడుగు వేసి, స్వర్గ నరకాలు స్థితులే, స్థలాలు కావని తన ఉపన్యాసాల్లో సూటిగా అన్నాడు. ఆ మాటతో ఏకీభవించని పండితులే ఎక్కువ.

భూమిని లోతుగా తవ్వితే నరకం అరుపులు వినిపించాయట?

పచ్చి అబద్ధం. రష్యా వాయవ్య కొసన కోలా ద్వీపకల్పంలో 1970లో ఒక పరిశోధన బావి తవ్వడం మొదలుపెట్టారు. 1989 నాటికి అది 12,262 మీటర్లకు చేరింది. అడుగున వేడి సుమారు 180 డిగ్రీల సెల్సియస్, ఊహించినదానికంటే బాగా ఎక్కువ, అందుకే ఇంకా లోతుకు పోవడం సాధ్యం కాలేదు. కట్టుకథలో బావి సైబీరియాకు మారింది, లోతు 14 కిలోమీటర్లు దాటింది, వేడి వెయ్యి డిగ్రీలు మించింది, చివరికి మైకులో ఆర్తనాదాలు వచ్చి చేరాయి. భూమి కేంద్రం 6,371 కిలోమీటర్ల లోతున ఉంది. 12 కిలోమీటర్లంటే మామిడిపండు తొక్క మీద గోటి గీత కూడా కాదు.

లెక్కల వాళ్లు నరకం జోలికి పోవడం ఇదే మొదలు కాదు. 1588లో, ఇరవై నాలుగేళ్ల గెలీలియో ఫ్లారెన్సు విద్వత్సభలో ఇటలీ కవి డాంటే కావ్యంలోని నరకం కొలతల మీద ఉపన్యాసాలిచ్చాడు. గరాటు ఆకారంలో ఉన్న ఆ నరకం పైకప్పు ఎంత మందం, అడుగున మంచులో ఇరుక్కున్న సైతాను ఎత్తెంత అని క్షేత్రగణితంతో లెక్కగట్టాడు. లెక్క కుదిరినంత మాత్రాన చోటు ఉన్నట్టు కాదని ఆ సభలో ఎవరైనా అన్నారో లేదో గాని, విన్నవాళ్లు మెచ్చుకున్నారు.

చావు అంచుదాకా వెళ్లి వచ్చినవాళ్లు చూసినదంతా భ్రమేనా?

వాళ్లు అబద్ధమాడుతున్నారని అనడానికి లేదు. 2001లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన నెదర్లాండ్స్ అధ్యయనంలో, గుండె ఆగి బతికిన 344 మంది రోగుల్లో 62 మంది ఏదో ఒక అనుభవం చెప్పారు. శరీరం వెలుపల ఉన్నట్టు, వెలుగు, చనిపోయిన బంధువులు. మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం ఒక్కటే కారణమైతే ఇంకా ఎక్కువమందికి ఈ అనుభవం కలగాలి కదా అని ఆ పరిశోధకులే అడిగారు. ఆ చర్చ తెగలేదు.

నాకు ఆసక్తి కలిగించేది వేరే విషయం. భారతదేశంలో సేకరించిన 16 ఉదంతాల మీద 1986లో ఒక పత్రం వెలువడింది. వాటిలో మళ్లీ మళ్లీ వచ్చే కథ: దూతలు తీసుకుపోతారు, పుస్తకం ముందు పెట్టుకున్న ఒకాయన చూసి, మీరు తెచ్చింది వేరే మనిషిని, వెనక్కి పంపండి అంటాడు. అమెరికా ఉదంతాల్లో ఈ గుమాస్తా పొరపాటు సాధారణంగా కనిపించదు. అనుభవం ఒక మూలం నుంచే వచ్చినా, దానికి తొడిగే బట్టలు ఎవరి పెట్టెలోవి వాళ్లవి. ఇది పరలోకం లేదనడానికి రుజువు కాదు, ఉందనడానికీ కాదు.

నరక భయం లేకపోతే మనుషులు చెడిపోరా?

67 దేశాల సమాచారంతో 2012లో ఒక అధ్యయనం వచ్చింది. నరకం మీద నమ్మకం ఎక్కువున్న దేశాల్లో నేరాలు తక్కువ, స్వర్గం మీదే నమ్మకం ఎక్కువున్న చోట నేరాలు ఎక్కువ అని తేలింది. ఇది పొంతన మాత్రమే, కారణమని చెప్పడానికి చాలదు. పైగా భయంతో చేయని తప్పు, మనసు రాక చేయని తప్పు ఒకటేనా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది. భయపెట్టి నోరు మూయించిన పిల్లలు పెద్దయ్యాక మతం మొత్తాన్నే వదిలేయడం నేను ఎరుగుదును.

‘స్వర్గం, నరకం అన్నీ ఇక్కడే’ అంటారు. అదే సరైన జవాబు కదా?

వినడానికి బాగుంటుంది, సగం నిజం కూడా. కామం, క్రోధం, లోభం మూడూ నరక ద్వారాలని గీత అన్నప్పుడు ఆ ద్వారాలు ఎక్కడున్నాయో మనకు తెలుసు. కానీ ఈ మాటను పూర్తి జవాబుగా ఒప్పుకోవడం నాకు కష్టం. ఏ పాపమూ ఎరుగని పసిబిడ్డ యుద్ధంలో కాలిపోతుంది, కాల్చినవాడు పండు ముసలితనం దాకా హాయిగా బతికి నిద్రలో పోతాడు. అన్నీ ఇక్కడే అయితే ఆ బిడ్డ నరకం, వాడు స్వర్గం అనుభవించారన్న మాట. ఇలాంటి లెక్క సరిపోకే కదా మనిషి మరో లోకాన్ని ఊహించింది, లేదా నమ్మింది. చార్వాకులు ఈ విషయంలో నిక్కచ్చి. స్వర్గమూ లేదు, మోక్షమూ లేదు, పరలోకానికి పోయే ఆత్మా లేదు అని, లెక్క సరిపోదని ఒప్పుకునే మాట్లాడారు. ‘అన్నీ ఇక్కడే’ అనేవాళ్లు సరిపోయిందని అంటున్నారు.

ఎవరైనా పోతే ‘స్వర్గస్థులయ్యారు’ అని రాయాలా? నమ్మకం లేనివాళ్లు ఏం రాయాలి?

మన భాష అందరికీ దారి ఉంచింది. స్వర్గస్థులయ్యారు, దివంగతులయ్యారు అంటే పైలోకం. పరమపదించారు అంటే విష్ణుపదం, శివైక్యం చెందారు అంటే చోటే లేదు, కలిసిపోవడమే. ప్రభువు నందు నిద్రించారు అంటే మేల్కొలుపు కోసం ఎదురుచూపు. కాలధర్మం చెందారు అంటే ఏ లోకం ప్రసక్తీ లేదు. కీర్తిశేషులు అన్న మాటలో మిగిలింది కీర్తి ఒక్కటే, చార్వాకుడు కూడా అభ్యంతరం లేకుండా వాడుకోవచ్చు.

నాకు స్వర్గం అక్కర లేదు అంటే తప్పా?

మహాభారతం వనపర్వంలో ముద్గలుడనే బీద గృహస్థు ఉన్నాడు. కోత కోసిన పొలాల్లో రాలిన గింజలు ఏరుకుని బతికేవాడు. దుర్వాసుడు మళ్లీ మళ్లీ వచ్చి ఉన్నదంతా తినిపోయినా ముఖం ముడుచుకోలేదు. చివరికి హంసలు పూన్చిన విమానంతో దేవదూత వచ్చి, బొందితోనే స్వర్గానికి రమ్మన్నాడు. ముద్గలుడు వెంటనే ఎక్కలేదు. అక్కడి మంచీ చెడూ రెండూ చెప్పమన్నాడు.

దూత మంచి అంతా చెప్పాడు: ఆకలి లేదు, ముసలితనం లేదు, చెమట లేదు, దుమ్ము లేదు. తరవాత చెడు కూడా దాచకుండా చెప్పాడు. అక్కడ అనుభవించడమే గాని కొత్తగా చేయడానికి ఏ పనీ ఉండదు. తనకంటే మెరుగ్గా వెలిగేవాళ్లను చూసి లోపల కుమిలిపోతారు. మెడలో దండ వాడడం మొదలైతే పడిపోయే వేళయిందని తెలుస్తుంది, అప్పటి భయం మాటల్లో చెప్పలేనిది.

అంతా విని ముద్గలుడు దూతకు నమస్కరించి, నువ్వు వచ్చిన దారినే సుఖంగా వెళ్లు నాయనా అన్నాడు. విమానం ఖాళీగా తిరిగి వెళ్లింది. అతను మళ్లీ గింజలు ఏరుకోవడానికి పోయాడు.